లైసెన్సులున్నా తీరని పైలట్ల కొరత
కెప్టెన్ల లేమితో దీవులకు ఇక్కట్లు. యువతకు అప్పుల భారం

మిడిల్ పాయింట్ (శ్రీ విజయపురం): దేశంలో విమాన ప్రయాణికుల సంఖ్య ఏటికేడు పెరుగుతుండగా విమానాలను నడిపే పైలట్ల కొరత పౌర విమానయాన రంగాన్ని వేధిస్తున్నది. 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశంలోని అతి పెద్ద విమానయాన సంస్థ ఇండిగో సర్వీసులు కుప్పకూలిన తీరు ఈ సమస్య తీవ్రతను బయటపెట్టింది. ఆ నెల 3 నుంచి 5 వరకు మూడు రోజుల్లోనే 2,507 సర్వీసులు రద్దయ్యాయి. మరో 1,852 ఆలస్యమయ్యాయి. మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బందుల పాలయ్యారు.

హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ విమానాశ్రయాల్లో చిక్కుకున్నవారిలో కొందరు రైలెక్కారు, కొందరు అద్దె కార్లలో బయలుదేరారు. అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. 2024 సెప్టెంబర్ వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన శ్రీ విజయపురం నుంచి చెన్నై గగనమార్గాన సుమారు 1,370 కిలోమీటర్లు, కోల్‌కతా 1,300 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,225 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. విమానం లేకపోతే మిగిలేది నౌక ఒక్కటే. ఆ ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది. పైగా నౌకలు నెలలో కొన్ని తేదీల్లోనే బయలుదేరుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతం పైచిలుకు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, వ్యాపారాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అధికం. మిడిల్ పాయింట్ వంటి నగర ప్రాంతాల్లో నివసించేవారికి స్వస్థలంలో పెళ్లి, చావు, పిల్లల చదువు, చెన్నైలో వైద్యం అన్నీ విమాన సర్వీసులతో ముడిపడినవే. అందువల్ల పైలట్ల కొరత వారికి నిత్యజీవిత సమస్య.

కొత్త నిబంధనలు, పాత లెక్కలు

డిసెంబర్ సంక్షోభానికి తక్షణ కారణం పైలట్ల పని వేళలపై వచ్చిన కొత్త నిబంధనలు. పైలట్ల అలసట ప్రమాదాలకు దారి తీయవచ్చునన్న ఆందోళనతో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2024 జనవరిలో వీటిని ప్రకటించింది. వారాంతపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి విధుల కాలాన్ని అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు కాక 6 గంటల వరకు లెక్కించాలని ఆదేశించింది. రాత్రి విధుల్లో విమానాన్ని దించే సంఖ్యను ఆరు నుంచి రెండుకు తగ్గించింది.

2024 జూన్‌లోనే అమలులోకి రావలసిన ఈ నిబంధనలు విమానయాన సంస్థల అభ్యంతరాలతో వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిన మీదట 2025 జూలై 1, నవంబర్ 1 తేదీల్లో రెండు విడతలుగా అమలుకు వచ్చాయి. విమానయాన సంస్థలకు దాదాపు రెండేళ్ల వ్యవధి లభించిందన్నమాట. అయినప్పటికీ దేశీయ ప్రయాణికుల్లో దాదాపు 65 శాతం మందిని చేరవేసే ఇండిగో తగిన ఏర్పాట్లు చేసుకోలేదు.

2026 జనవరిలో ఈ సంస్థపై డీజీసీఏ 22.20 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సిబ్బందిని, విమానాలను గరిష్ఠ స్థాయిలో వినియోగించాలన్న ధోరణి, నిబంధనల అమలుకు సన్నద్ధత కొరవడటం, నిర్వహణ లోపాలు సంక్షోభానికి కారణాలని విచారణలో తేలింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఇదే సంస్థ 7,258 కోట్ల రూపాయల నికర లాభం గడించిన విషయం గమనార్హం. ఆపత్సమయానికి కొందరు పైలట్లను అదనంగా ఉంచుకోవటం సంస్థ దృష్టిలో వృథా ఖర్చు. ఆ ఖర్చు మిగుల్చుకున్నది సంస్థ కాగా, దాని ఫలితం అనుభవించింది ప్రయాణికులు.

సంక్షోభం ముదరటంతో ప్రభుత్వమే వెనుకడుగు వేయవలసి వచ్చింది. రాత్రి విధులకు సంబంధించిన కొన్ని నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు లభించింది. ఛార్జీలు ఆకాశాన్నంటటంతో డిసెంబర్ 6న కేంద్రం గరిష్ఠ పరిమితులు ప్రకటించింది. వెయ్యి నుంచి 1,500 కిలోమీటర్ల దూరానికి 15,000 రూపాయలు, అంతకు మించితే 18,000 రూపాయలుగా నిర్ణయించింది. పన్నులు, విమానాశ్రయ రుసుములు దీనికి అదనం. అంటే శ్రీ విజయపురం నుంచి చెన్నైకి వెళ్లే నలుగురు సభ్యుల కుటుంబం ఈ పరిమితికి లోబడి కూడా ఒక వైపు ప్రయాణానికే 60,000 రూపాయలు చెల్లించవలసి వచ్చే అవకాశం ఉండింది. సామాన్యునికి ఊరట పేరుతో వచ్చిన పరిమితి సామాన్యునికి అందనంత ఎత్తులోనే ఉండింది.

కొరత ఎవరికి?

దేశంలో లైసెన్సు గల పైలట్లు లేరనటం పూర్తిగా వాస్తవం కాదు. 2023లో డీజీసీఏ 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు జారీ చేసింది. అప్పటికి ఒక ఏడాదిలో అన్ని లైసెన్సులు ఎన్నడూ ఇవ్వలేదు. అయితే లైసెన్సు పొంది కూడా ఉద్యోగం దొరకక నిరీక్షిస్తున్న యువకులు అనేకులు. ఒక వైపు నిరుద్యోగం, మరో వైపు కొరత ఏకకాలంలో కనిపించటం ఈ రంగం ప్రత్యేకత.

దీనికి కారణం పైలట్ తయారయ్యే క్రమంలోనే ఉన్నది. 200 గంటలు విమానం నడిపిన అనుభవంతో కమర్షియల్ లైసెన్సు లభిస్తుంది. ఆ అనుభవం చాలా వరకు చిన్న శిక్షణ విమానాలలో గడించినదే. ఎయిర్‌బస్, బోయింగ్ విమానాలను నడపాలంటే ఆయా రకానికి టైప్ రేటింగ్ అని వ్యవహరించే ప్రత్యేక శిక్షణ పొందాలి. ఆ తర్వాత కో-పైలట్‌గా ఏళ్ల తరబడి పని చేయాలి. కెప్టెన్ హోదాకు అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు కనీసం 1,500 గంటల అనుభవం ఉండాలి. ఆచరణలో సంస్థలు అంతకంటే ఎక్కువే కోరుతున్నాయి.

కెప్టెన్ లేకుండా ఏ విమానమూ కదలదు. కాబట్టి అసలు కొరత కెప్టెన్లది. శిక్షణ సంస్థలు నేడు ఎందరిని తయారు చేసినా వారు కెప్టెన్లు కావటానికి ఏళ్లు పడుతుంది. విమానం కొనుగోలుకు డబ్బు చాలు, కెప్టెన్ కావాలంటే కాలం కావాలి. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. దేశీయ సంస్థల మొత్తం ఆర్డర్లు 1,700 దాటాయని, రానున్న 15, 20 ఏళ్లలో 30,000 మంది పైలట్లు అవసరమవుతారని శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి హోదాలో కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో పేర్కొన్నారు.

అండమాన్ విషయంలో ఈ తేడాకు మరింత ప్రాధాన్యం ఉన్నది. 158 మందిని బలిగొన్న 2010 మే నాటి మంగళూరు విమాన ప్రమాదం తర్వాత చర్చకు వచ్చిన క్లిష్టమైన విమానాశ్రయాల జాబితాలో లేహ్, కులూ, సిమ్లా, మంగళూరు, కాలికట్, పాట్నాలతో పాటు పోర్ట్ బ్లెయిర్ కూడా చేరింది. కొండల నడుమ ఉన్న ఒకే ఒక్క రన్‌వే, తరచు దిశ మార్చే గాలులు, రుతుపవనాల వర్షాలు ఇక్కడి ప్రత్యేకతలు. ఇటువంటి చోట్ల విమానాన్ని దించే బాధ్యతను అనుభవజ్ఞులైన కెప్టెన్లకే అప్పగిస్తారు. వాతావరణం అనుకూలించక వెనుదిరగవలసి వస్తే సమీపంలో మరో పౌర విమానాశ్రయం లేదు. ప్రధాన భూభాగానికి తిరిగి చేరేంత ఇంధనం విమానంలో ఉండాలి. ఆ ప్రయాణ సమయం కూడా పైలట్ల పని గంటల్లోనే లెక్కకు వస్తుంది.

శ్రీ విజయపురంలో 710 కోట్ల రూపాయల వ్యయంతో, ఏటా 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే కొత్త టెర్మినల్‌ను 2023 జూలై 18న ప్రధాని నరేంద్ర మోడీ ప్రారంభించారు. 2024 నవంబర్‌లో కౌలాలంపూర్‌కు అంతర్జాతీయ సర్వీసు కూడా మొదలైంది. కట్టడాల కొరత తీరింది. ఆ కట్టడం ముందు విమానాన్ని దించగల అనుభవజ్ఞుల కొరత మిగిలింది.

ఆకర్షణ ఎందుకు తగ్గింది?

ఒకప్పుడు పైలట్ ఉద్యోగమంటే జీవితాంతం భద్రత. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియాలలో చేరినవారు పదవీ విరమణ వరకు అక్కడే కొనసాగేవారు. 1990 దశకం తొలినాళ్లలో ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరుచుకోగా, 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దుతో ప్రభుత్వ గుత్తాధిపత్యానికి తెరపడింది. అధిక వేతనాలకు ఆకర్షితులై ప్రభుత్వ సంస్థ పైలట్లు కొత్త సంస్థలకు తరలిపోయారు.

1992 డిసెంబర్‌లో మొదలైన ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సమ్మె రోజులను హైదరాబాద్ ప్రయాణికులు మరచిపోలేరు. సమ్మె కారణంగా సంస్థ ఉజ్బెకిస్తాన్ నుంచి సిబ్బందితో సహా విమానాన్ని అద్దెకు తెచ్చింది. 1993 జనవరి 9న హైదరాబాద్ నుంచి బయలుదేరిన ఆ టుపొలెవ్ విమానం ఢిల్లీలో దిగుతూ తలకిందులై మంటల్లో చిక్కుకున్నది. విమానంలోని 165 మందీ ప్రాణాలతో బయటపడటం అద్భుతమే. పైలట్లు లేని లోటును తాత్కాలిక ఏర్పాట్లతో పూడ్చటంలోని ప్రమాదాన్ని ఆ ఘటన ఆనాడే హెచ్చరించింది.

తర్వాతి మూడు దశాబ్దాలలో ఈ వృత్తి ఎత్తుపల్లాలను చవిచూసింది. ఈస్ట్ వెస్ట్, మోడీలుఫ్త్, దమానియా సంస్థలు 1990 దశకంలోనే కనుమరుగయ్యాయి. 2000 దశకం మధ్యలో చౌక ఛార్జీల సంస్థల రాకతో పైలట్లకు గిరాకీ పెరిగి విదేశీయులను సైతం నియమించుకోవలసి వచ్చింది. ఆ ఆరాటంలో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన ఉదంతాలు 2011లో వెలుగు చూశాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాయి. 2020లో కరోనా వల్ల వేతనాల కోతలు, తొలగింపులు తప్పలేదు.

2023 మే 3న గో ఫస్ట్ విమానాలు నిలిచిపోయాయి. ఇంజన్ల లోపాలే ఇందుకు కారణమని ఆ సంస్థ ప్రకటించింది. అండమాన్‌కు ఈ సంస్థ ప్రధాన సర్వీసులలో ఒకటిగా ఉండేది. ఒక్క సంస్థ తప్పుకోవటంతో దీవుల ప్రయాణికులకు సీట్లు తగ్గాయి, ఆ సంస్థ పైలట్లు ఉద్యోగాల వేటలో పడ్డారు. కొరత, నిరుద్యోగం రెండూ ఒకే సంఘటన నుంచి పుట్టటానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఖర్చు మాటకు వస్తే కమర్షియల్ లైసెన్సుకు 50 లక్షల రూపాయలకు తక్కువ కావటం అరుదు. టైప్ రేటింగ్ శిక్షణ దీనికి అదనం. విమానయాన సంస్థలు నిర్వహించే కొన్ని కేడెట్ పథకాలలో మొత్తం వ్యయం కోటి రూపాయలు దాటుతున్నది. ఇల్లు, పొలం తాకట్టు పెట్టి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే మొదలవుతుంది. ఉద్యోగం వచ్చేసరికి ఆర్థిక చక్రం ఏ దశలో ఉంటుందో ఎవరికీ తెలియదు. లైసెన్సు చెల్లుబాటు కావాలంటే వైద్య పరీక్షల్లో ఎప్పటికప్పుడు నెగ్గాలి. చూపులోనో, గుండెలోనో లోపం కనిపిస్తే నడి వయసులోనే వృత్తి ముగిసినట్లే. ఇంజనీరుకు, డాక్టరుకు లేని భయం ఇది.

అలాగని ఆకర్షణ పూర్తిగా పోలేదు. కెప్టెన్ హోదాకు చేరినవారి వేతనాలు దేశంలోని అత్యధిక వేతనాల సరసన నిలుస్తాయి. మహిళలు ఈ వృత్తిలోకి పెద్ద సంఖ్యలో వస్తున్నారు. ప్రపంచ సగటు 5 శాతం కాగా భారత పైలట్లలో దాదాపు 15 శాతం మంది మహిళలే. మారింది వృత్తి స్వభావం. గౌరవం, భద్రత కలగలిసిన కొలువు కాస్తా పెట్టుబడి, నష్టభయం కలగలిసిన వ్యాపారంలా తయారైంది.

అలసట, ఆందోళన

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది దుర్మరణం చెందారు. నాలుగు రోజుల తర్వాత, జూన్ 16న ఆ సంస్థకు చెందిన 112 మంది పైలట్లు అనారోగ్య సెలవు పెట్టారు. వీరిలో 51 మంది కెప్టెన్లని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఈ వృత్తిలోని మానసిక ఒత్తిడికి ఈ సంఖ్య అద్దం పడుతున్నది.

అలసట కేవలం సౌకర్యానికి సంబంధించిన సమస్య కాదు. మంగళూరు ప్రమాదంపై విచారణ జరిపిన న్యాయస్థానం విమాన కమాండర్ ప్రయాణంలో చాలాసేపు నిద్రించారని, ఆ మత్తు ఆయన నిర్ణయ శక్తిపై ప్రభావం చూపి ఉండవచ్చునని పేర్కొన్నది. అందువల్ల విశ్రాంతి నిబంధనలను సడలించి కొరతను కప్పిపుచ్చటం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమే అవుతుందని పైలట్ల సంఘాలు వాదిస్తున్నాయి. ఈ వాదనను తోసిపుచ్చటం కష్టం.

వేతనాలు, పని గంటలపై అసంతృప్తి ఇదివరకే పలుమార్లు బయటపడింది. 2023లో 43 మంది పైలట్లు ముందస్తు నోటీసు లేకుండా వైదొలగటంతో ఆకాశ ఎయిర్ బొంబాయి హైకోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో కొత్త వేతన విధానంపై పైలట్ల అసంతృప్తి నడుమ విస్తారా రోజుకు 25 నుంచి 30 సర్వీసులు తగ్గించుకున్నది. నిబంధనల ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. మెరుగైన వేతనాలు, స్థిరమైన పని వేళలు చూపే గల్ఫ్ సంస్థలు భారతీయ పైలట్లను తీసుకుపోతున్నాయి. నిపుణులను తన్నుకుపోవటంపై నియమావళి ఉండాలని భారత్ 2025లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థను కోరింది. సొంత గూటిలో పరిస్థితులు బాగుంటే పక్షులు ఎగిరిపోవన్న మాట కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య భారత్‌కే పరిమితం కాదు. 2025 నుంచి 20 ఏళ్లలో ప్రపంచానికి 6,60,000 మంది కొత్త పైలట్లు కావాలని బోయింగ్ సంస్థ అంచనా వేసింది. అమెరికాలో 2009 నాటి కోల్గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత కో-పైలట్లకు సైతం 1,500 గంటల అనుభవాన్ని తప్పనిసరి చేశారు. కరోనా సమయంలో వేలాది మంది ముందుగానే విరమించటంతో కొరత ముదిరింది. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టొలెడో, ఇథాకా వంటి చిన్న పట్టణాలకు సర్వీసులు ఆపివేసింది. అనంతరం ప్రాంతీయ సంస్థలు వేతనాలను భారీగా పెంచి పైలట్లను ఆకర్షించాయి.

ఆ అనుభవం రెండు విషయాలు చెబుతున్నది. కొరత వచ్చినప్పుడు సంస్థలు పైలట్లను లాభసాటి మార్గాలకు మళ్లించి, మారుమూల ప్రాంతాలకు కోత పెడతాయి. వేతనాలు, పని పరిస్థితులు మెరుగుపడితే మనుషులు తిరిగి వస్తారు. అమెరికా చిన్న పట్టణాల వారు కారులో పక్క నగరానికి వెళ్లి విమానం అందుకున్నారు. అండమాన్ వాసులకు పక్క నగరమంటే సముద్రం ఆవల ఉన్న చెన్నై.

చేయవలసినదేమిటి?

శిక్షణ విస్తరణకు ప్రభుత్వం కొంత ప్రయత్నం చేయకపోలేదు. కొత్త శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేసిన విమానాశ్రయాలలో కడప ఒకటి. హైదరాబాద్ బేగంపేటలో పైలట్ శిక్షణకు దీర్ఘకాల చరిత్ర ఉన్నది. అయితే 2025లో డీజీసీఏ తొలిసారిగా శిక్షణ సంస్థలకు ర్యాంకులు ఇవ్వగా మొదటి రెండు శ్రేణులలో ఒక్క సంస్థకూ చోటు దక్కలేదు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలన్న నిబంధనను తొలగించే ప్రతిపాదన కూడా 2025లో ముందుకు వచ్చింది. నాణ్యత పెంచకుండా తలుపులు వెడల్పు చేస్తే లైసెన్సు ఉన్న నిరుద్యోగుల సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

కొత్త విమానాలకు అనుమతి ఇచ్చే ముందు వాటికి సరిపడా కెప్టెన్లు ఉన్నారా అని తనిఖీ చేయటం, సర్వీసుల పట్టిక ఆమోదానికి పైలట్ల సంఖ్యను షరతుగా పెట్టటం డీజీసీఏ చేతిలోని పనులే. 2025 డిసెంబర్‌లో సంక్షోభం తలెత్తాక ఇండిగో సర్వీసులను 10 శాతం తగ్గించమని ఆదేశించిన అధికారులు, శీతాకాల పట్టికను ఆమోదించినప్పుడే ఆ లెక్క అడిగి ఉండవలసింది. పేద, మధ్యతరగతి విద్యార్థులకు తక్కువ వడ్డీకి రుణాలు, శిక్షణ ఖర్చులో విమానయాన సంస్థల వాటా గురించి కూడా ఆలోచించాలి. శిక్షణ వ్యయమంతా కుటుంబానిది, ప్రయోజనం సంస్థలది అన్న పద్ధతి ఎంతో కాలం సాగదు.

దీవులకు సంబంధించి మరో చర్య అవసరం. రోడ్డు, రైలు లేని ప్రాంతాలకు నడిచే కనీస సర్వీసులను ఎటువంటి సంక్షోభంలోనూ రద్దు చేయరాదన్న నిబంధన ఉండాలి. ఢిల్లీ, ముంబయి మధ్య రోజూ తిరిగే అనేక విమానాలలో ఒకటి తగ్గితే ప్రయాణికుడు తదుపరి విమానం ఎక్కగలడు. శ్రీ విజయపురం నుంచి చెన్నై ఆసుపత్రికి వెళ్లవలసిన రోగికి మరుసటి విమానం మరుసటి రోజు కావచ్చు. ఏ మార్గంలో కోత పెట్టాలన్న నిర్ణయాన్ని కేవలం లాభనష్టాల లెక్కకు వదిలివేస్తే ఆ కోత మొదట పడేది దీవుల మీదనే.

విశ్రాంతి నిబంధనలు పూర్తి స్థాయిలో అమలయ్యే కొద్దీ పైలట్ల అవసరం మరింత పెరుగుతుంది. భద్రతకు అది చెల్లించక తప్పని మూల్యం. ఆ మూల్యాన్ని లాభాలార్జించే సంస్థలు ముందుగా సిబ్బందిని నియమించుకుని చెల్లిస్తాయా, లేక అప్పు చేసిన తల్లిదండ్రులు, దీవులలో చిక్కుకున్న ప్రయాణికులు చెల్లించాలా అన్నది ప్రభుత్వం తేల్చవలసిన ప్రశ్న.